ముందు పని, తర్వాతే ఐకమత్యం

"మా కాలనీలో ఐకమత్యం లేదండీ, ఉంటే ఎన్నో చేసుకునేవాళ్లం" అనే మాట హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ ఒకేలా వినిపిస్తుంది. ఖాళీ స్థలంలో పేరుకున్న చెత్తకుప్ప దగ్గరా ఇదే మాట, ఎండిపోయిన పార్కు దగ్గరా ఇదే మాట. ముందు మనుషులు కలవాలి, కలిశాక పనులు వాటంతటవే జరుగుతాయి అనే నమ్మకం ఈ మాట వెనక ఉంది. ఆ వరస తలకిందులుగా ఉందని ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నాను. ఇరుగుపొరుగు మధ్య నమ్మకం పని మొదలుపెట్టడానికి ముందే చేతిలో ఉండాల్సిన సరుకు కాదు. కలిసి పనిచేస్తూండగా, చాలాసార్లు చేస్తున్నవాళ్లకు తెలియకుండానే, అది పుడుతుంది. కాబట్టి అందరూ కలిసే రోజు కోసం ఎదురుచూసే వీధి ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. నలుగురితో ఒక చిన్న పనికి పూనుకుని, దాన్ని ప్రతివారం అదే వేళకు, అదే చోట, అందరికీ కనిపించేలా చేసే వీధికి ఏడాది తిరిగేసరికి ఆ ఐకమత్యం దానంతట అదే వస్తుంది.

మన ఊళ్లలో మనుషులకు కలిసి పనిచేయడం రాదనేవాళ్లు వినాయక చవితి నవరాత్రులను ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. పందిరికి అనుమతి, తాత్కాలిక కరెంటు కనెక్షన్, ఇంటింటి చందా, రోజుకొకరి పేరున ప్రసాదం, రాత్రిపూట విగ్రహం దగ్గర కాపలా, నిమజ్జనానికి లారీ... ఇంత వ్యవహారాన్ని పాతికేళ్లు నిండని కుర్రాళ్లు ఏ శిక్షణా లేకుండా నడిపేస్తారు. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై, ఏడాదికో అడుగు చొప్పున పెరుగుతూ 2014 నాటికి అరవై అడుగులకు చేరింది. అంత కాలం ఒక ఏర్పాటును తెగిపోకుండా మోసుకొచ్చిన నగరానికి సంఘటనాశక్తి లేదనడం అన్యాయం. మరి నిమజ్జనం అయిన మర్నాడు ఆ కమిటీ ఏమవుతుంది? ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. విడిపోవడానికి తగాదాలేమీ అక్కర్లేదు. మళ్లీ కలవడానికి ఒక తేదీ లేకపోతే చాలు. పండక్కి పంచాంగం తేదీ ఇస్తుంది, పార్కు బాగోగులకు ఏ పంచాంగమూ తేదీ ఇవ్వదు. ఆ తేదీని మనమే పెట్టుకోవాలి. వీధి పనుల్లో సగం రహస్యం ఇదే.

మొదటి పనిగా దేన్ని ఎంచుకోవాలన్న విషయంలో చాలామంది పొరపడతారు. రోడ్డు వేయించడం, కమ్యూనిటీ హాలు కట్టించడం వంటి పెద్ద కోరికతో మొదలుపెడతారు. అది నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగే పని. దాని ఫలితం ఎవరి చేతుల్లోనో ఉంటుంది, ఈలోగా ఉత్సాహం చల్లారిపోతుంది. మొదటి పని మన చేతుల్లో ఉండాలి, ఫలితం వారాల్లో కనిపించాలి, ఒక్క ఇల్లు ఒంటరిగా చేస్తే చాలనిదై ఉండాలి. డెంగీ దోమ మీద పోరాటం ఈ మూడింటికీ సరిపోతుంది. ఏడిస్ దోమ గుడ్డు దశ నుంచి ఎగిరే దశకు రావడానికి సుమారు ఏడు నుంచి పది రోజులు పడుతుంది. మురుక్కాలవలకంటే మన ఇళ్లలోని కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు, డాబా మీద పారేసిన టైర్లు, మూత సరిగా లేని నీళ్ల డ్రమ్ములే దానికి ఇష్టం. పైగా అది పుట్టినచోటి నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి వెళ్లదు. అంటే మీ ఇంట్లో కుట్టే దోమ మీ వీధిలోనో పక్క వీధిలోనో పుట్టినదే అయి ఉంటుంది. మీరొక్కరే కూలర్ నీళ్లు పారబోసినా ఎదురింటి డాబా మీది టైరు మిమ్మల్ని వదలదు. అదే వీధి మొత్తం వారానికొకసారి నీళ్లు పారబోస్తే లార్వా దోమగా మారేలోపే చాలావరకు నశిస్తుంది. 2020లో తెలంగాణ పురపాలక శాఖ 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని పిలుపునిచ్చింది ఈ లెక్కతోనే. పది నిమిషాల పని కాబట్టి తీరిక లేదని ఎవరూ అనలేరు. ఎవరింట్లో వాళ్లు చేసేది కాబట్టి చందా అడగనక్కర్లేదు. కానీ అందరూ ఒకే వేళకు చేస్తారు కాబట్టి, పది గంటలకు గేటు బయటికొచ్చి చూస్తే పక్కింటివాళ్లు కూడా బకెట్టుతో కనిపిస్తారు. ఏళ్లుగా పేరు తెలియని మనిషితో మొదటి మాట కలిసేది అక్కడే.

ఇంత చిన్న పరిచయాల వల్ల నిజంగా ఒరిగేదేమిటని అడిగితే, 1995 జూలైలో అమెరికాలోని షికాగో నగరంలో జరిగిన ఘోరాన్ని చూడాలి. కొద్ది రోజుల వడగాడ్పులకు ఆ నగరంలో మామూలుకంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బెర్గ్ ఈ మరణాలను పేటల వారీగా పరిశీలించి 2002లో పుస్తకం రాశాడు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ అనే రెండు పేటలు పక్కపక్కనే ఉంటాయి. ఒంటరిగా బతికే పేద వృద్ధులు రెండింటిలోనూ దాదాపు ఒకే స్థాయిలో ఉన్నారు, ఎండ ఒకటే. అయినా మొదటి పేటలో లక్ష జనాభాకు 40 మంది చనిపోతే, రెండో పేటలో నలుగురు. పది రెట్ల తేడా. సౌత్ లాండేల్ వీధుల్లో దుకాణాలు తెరిచి ఉండేవి, జనం తిరుగుతూ ఉండేవాళ్లు, ముసలివాళ్లు గుమ్మం దాటి బయటికొచ్చేవాళ్లు. రాకపోతే ఎవరో ఒకరు గమనించేవాళ్లు. నార్త్ లాండేల్‌లో ఫ్యాక్టరీలు మూతబడి, ఇళ్లు పాడుబడి, వృద్ధులు భయంతో లోపలే తలుపులు బిగించుకుని ఉండిపోయారు. మనకు ఇది దూరదేశపు కథేమీ కాదు. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2000 మందికి పైగా చనిపోయారని అప్పటి ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఎండను ఆపడం ఏ కాలనీ చేతిలోనూ లేదు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉన్న పెద్దావిడ రెండు రోజులుగా పాలప్యాకెట్ తీసుకోలేదని గమనించడం మాత్రం కాలనీ చేతిలోనే ఉంది. గమనించాలంటే ఆవిడ ఉన్నట్టు ముందు తెలియాలి కదా.

అదే షికాగోలో మరో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం 343 పేటల్లో 8782 మందిని పలకరించి, 1997లో ఫలితాలు ప్రకటించింది. ఇరుగుపొరుగు మధ్య పరస్పర నమ్మకం, నలుగురి మంచి కోసం కలగజేసుకునే సంసిద్ధత ఉన్నచోట హింస తక్కువగా ఉందని, పేదరికం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఈ సంబంధం నిలబడిందని వాళ్లు తేల్చారు. ఇక్కడ ఒక న్యాయమైన సందేహం ఉంది. హింస తక్కువగా ఉన్నచోటే నమ్మకం పెరుగుతుందేమో, కారణమేదో ఫలితమేదో ఒక్క సర్వేతో ఎలా తెలుస్తుంది? నిజమే, దాన్నొక్కదాన్నే పట్టుకుని వాదించకూడదు. అందుకే జపాన్‌లోని కోబే నగరం ఉదాహరణ ముఖ్యం. అక్కడ మానో అనే పేటవాళ్లు 1960ల నుంచే కలిసి పనిచేయడం నేర్చుకున్నారు. వాళ్లను కలిపింది స్నేహం కాదు, చుట్టుపక్కల ఫ్యాక్టరీల కాలుష్యం మీద పోరాటం. తర్వాత మొక్కలు నాటారు, వృద్ధుల బాగోగులు చూశారు, పేట ప్రణాళిక తామే రాసుకున్నారు. 1995 జనవరి 17 తెల్లవారుజామున భూకంపం వచ్చి 6400 మందికి పైగా బలితీసుకున్నప్పుడు, మానో పేటవాళ్లు బకెట్లతో వరుసకట్టి మంటలను అదుపు చేశారు. కోబే మొత్తం మీద కూడా శిథిలాల కింది నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో ఎక్కువమందిని తీసింది ఇంటివాళ్లూ ఇరుగుపొరుగువాళ్లే. ఇక్కడ ముందువెనకల గురించి సందేహం లేదు. పని ముందు మొదలైంది, ఆపద మూడు దశాబ్దాల తర్వాత వచ్చింది.

ఇప్పుడు మీ వీధికి వద్దాం. మొత్తం కాలనీని నెత్తినెత్తుకోవద్దు. ఒక వీధి, లేదా ఒక అపార్ట్‌మెంటులో ఒక బ్లాకు, ఇరవై నుంచి నలభై ఇళ్లు చాలు. ఇద్దరు కలిసి, వీలైతే ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, సాయంత్రం వేళ ఇంటింటికీ వెళ్లండి. వాట్సాప్ గ్రూపుతో మొదలుపెట్టడం నాకు నచ్చని పద్ధతి. ముఖం తెలియని గ్రూపులో మొదటి వారం శుభోదయాలు, రెండో వారం రాజకీయాలు, మూడో వారం తగువులు. ముఖాలు తెలిశాక గ్రూపు పెడితే అది కబురు అందించడానికి పనికొస్తుంది. గుమ్మం దగ్గర "మీ సమస్యలేమిటి" అని అడగకండి. అలా అడిగితే సమస్యల జాబితా వస్తుంది, దాన్ని తీర్చే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. "ఈ ఆదివారం పది గంటలకు అందరం ఎవరి కుండీలు వాళ్లు చూసుకుందామనుకుంటున్నాం, మీరూ పదినిమిషాలు బయటికి రాగలరా" అని అడగండి. జవాబు ఔననో కాదనో వస్తుంది, రెండూ మంచివే. నలభై ఇళ్లలో మొదటి ఆదివారం ఆరు ఇళ్లవాళ్లు వస్తే నిరుత్సాహపడకండి. తర్వాతి ఏడు వారాలూ, మిగతావాళ్లు వచ్చినా రాకపోయినా, ఆ వేళకు ఆ ఆరు ఇళ్లవాళ్లూ బయట కనిపించాలి. రానివాళ్లు చూస్తుంటారు. ఈ పని ఆగిపోయేది కాదని వాళ్లకు నమ్మకం కుదిరాకే గేటు తెరుస్తారు. ఆరంభశూరత్వాన్ని ఇంతకుముందు ఎన్నోసార్లు చూసి ఉంటారు కాబట్టి వాళ్ల అనుమానంలో తప్పేమీ లేదు.

"పన్ను కడుతున్నాం, ఇదంతా మునిసిపాలిటీ పని కాదా?" ఈ అభ్యంతరం చాలా బలమైనది. దీన్ని కొట్టిపారేసే పుస్తకాలు పౌరులకు అన్యాయం చేస్తున్నాయి. చెత్త ఎత్తడం, మురుగు తీయడం, దీపాలు వెలిగించడం మునిసిపాలిటీ బాధ్యతే. స్వచ్ఛందంగా చేస్తున్నామని ఆ పనులను మీద వేసుకుంటే అధికారులకు సెలవిచ్చినట్టే అవుతుంది. తగిన రక్షణ సామగ్రి లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపి శుభ్రం చేయించడమైతే 2013 పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా. కాబట్టి గీత స్పష్టంగా గీసుకోవాలి. గేటు లోపలిది, ఇళ్ల మధ్యది మన పని. తడి చెత్త, పొడి చెత్త విడదీయడం, ఇంకుడు గుంత పూడిక తీసుకోవడం, నాటిన మొక్కకు ఎండాకాలం నీళ్లు పోయడం ఇందులోకి వస్తాయి. మిగతావి అడిగి చేయించుకోవాల్సినవి. అయితే అడగడానికి కూడా బలం కావాలి. ఒక్కరు పెట్టిన ఫిర్యాదుకూ, ముప్పై ఇళ్లు సంతకం చేసి, తేదీలతో ఫొటోలతో ఇచ్చిన అర్జీకీ వార్డు కార్యాలయంలో దక్కే మర్యాద ఒకటి కాదు. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం హైదరాబాద్ మినహా మిగతా పట్టణాల్లో వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది. యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్కటి, కమిటీకి 15 మంది. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారన్నది వీధిలో ఎవరు పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటే బాగుంటుంది. పనిచేసేవాళ్లు పోయి అడిగితేనే అది జరుగుతుంది.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞుల నోట వస్తుంది: "చివరికి ఎప్పుడూ ఆ ఐదుగురే చేస్తారు, మిగతావాళ్లు ఫలితం అనుభవిస్తారు." ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లో దీన్నే సిద్ధాంతంగా చెప్పాడు. లాభం అందరికీ అందేచోట పనిని పక్కవాడికి వదిలేయాలని ప్రతివాడికీ అనిపిస్తుంది, గుంపు పెద్దదయ్యేకొద్దీ ఈ బుద్ధి పెరుగుతుంది. అందుకే ఇరవై, నలభై ఇళ్లు అన్నాను. రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో రాసిన పుస్తకంలో, వందల ఏళ్లుగా ఉమ్మడి వనరులను తామే చూసుకుంటున్న సమాజాలను పరిశీలించి, మనుషులు ఈ చిక్కును దాటగలరని చూపింది. ఆ కృషికి 2009లో ఆమెకు ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. ఆమె చూపిన వాటిలో స్పెయిన్‌లోని వలెన్సియా సాగునీటి ఏర్పాటు ఒకటి. కాలవ నీటి తగాదాలు తీర్చే రైతుల న్యాయసభ ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు, ఊరి పెద్ద చర్చి గుమ్మం దగ్గర, నలుగురూ చూస్తుండగా కూర్చుంటుంది. తగువు లేని వారం కూడా కూర్చుంటుంది. అక్కడ నియమం చేసినవాళ్లే దాన్ని పాటిస్తారు, ఎవరు పాటిస్తున్నారో అందరికీ తెలుస్తుంది, తప్పినవాళ్లకు శిక్ష చిన్నదిగా మొదలవుతుంది. మన వీధికి ఇందులోంచి తీసుకోదగ్గది ఏమిటంటే, పనులను మనుషుల మంచితనం మీద వదలకుండా వంతుల మీద పెట్టాలి. మొక్కలకు నీళ్లు ఈ మూడు నెలలు ఈ రెండిళ్లవి, తర్వాత ఆ రెండిళ్లవి. వంతుల కాగితం కిరాణా కొట్టు గోడ మీద ఉండాలి. మొదలుపెట్టిన మనిషి మొదటి ఏడాదిలోనే కనీసం ఒక పూర్తి వంతు తప్పుకుని చూడాలి. అతను లేకుండా నడిస్తేనే అది వీధి పని, లేకపోతే అతని సొంత పని.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్తాను. మొదటి మూడు నెలలు చందా అడగవద్దు. ఆ తర్వాత అవసరమైతే ఫలానా వస్తువుకు, ఫలానా మొత్తం అని చెప్పి అడగండి, రశీదు ఇవ్వండి, ఖర్చుల చీటీ వంతుల కాగితం పక్కనే అంటించండి. సంఘం రిజిస్ట్రేషన్‌కు కూడా తొందర లేదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. బ్యాంకు ఖాతా తెరవాల్సినంత డబ్బు వచ్చినప్పుడు చేయించుకోవచ్చు. పనికి ముందే అధ్యక్ష కార్యదర్శుల పదవులు పుడితే పని కంటే పదవి పెద్దదవుతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే లోతైనది. కులం, మతం, భాష, సొంతిల్లు, అద్దిల్లు అంటూ ఇన్ని గీతలున్న నగరపు వీధిలో "మనం" అంటే ఎవరు? ఒక కాలనీ బలపడితే మొదట చేసేది దారికి అడ్డంగా గేటు పెట్టడం, తోపుడుబండ్లను తరిమేయడం అని విమర్శకులంటారు. అలాంటివి జరుగుతున్నాయి, జరగడం లేదని బుకాయించకూడదు. మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీని గురించి హెచ్చరించాడు. వేరువేరు వర్గాలవాళ్లు ఊరికే ఎదురుపడితే ద్వేషం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. సమాన హోదాతో, ఒకే లక్ష్యం కోసం, ఒకరికొకరు సాయపడుతూ కలిస్తేనే తగ్గుతుంది అన్నాడు. పండగ సభకంటే ఉమ్మడి పనికి నేను ఎక్కువ విలువివ్వడానికి కారణం ఇదే. పండగకు ఒక మతం ఉంటుంది, వేదికకు ఒక పెద్దమనిషి ఉంటాడు. దోమకు ఆ భేదాలు తెలియవు. ఇంటింటికీ తిరిగేటప్పుడు సెల్లార్ గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం, మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న దంపతులు, పై అంతస్తులో హాస్టల్‌లా ఉంటున్న కుర్రాళ్లు జాబితాలో ఉన్నారో లేదో చూసుకోండి. వీధిలో ఎప్పుడు ఏం జరుగుతుందో ఇస్త్రీ బండి మనిషికి తెలిసినంతగా ఇళ్ల యజమానులకు తెలియదు. కలుసుకునే చోటు ఎవరి హాలూ కాకూడదు, నడిరోడ్డో పార్కో కావాలి. హాల్లో అందరూ కుర్చీల్లో కూర్చోలేరు, రోడ్డు మీద అందరూ నిలబడే ఉంటారు.

పని కుదురుకున్నాక వేడుకలకూ చోటుంది. నెలకో సాయంత్రం వీధిలో కుర్చీలు వేసి పిల్లల చేత పాడించడం, పాత పుస్తకాలు మార్చుకోవడం, కలిసి తినడం మనుషులను నిలబెడతాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. వందమందికి మించిన కార్యక్రమం అనుమతి లేని చోట పెడితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని 2016 ఘన వ్యర్థాల నియమావళి చెప్పింది. ఇలాంటి వీధి కలయికలను చిన్న వ్యవహారాలని తీసిపారేయనక్కర్లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో కొద్దిమంది కలిసి తెలుగువాళ్లకోసం ఒక గ్రంథాలయం పెట్టారు. తెలుగుకు రాజాదరణ లేని రోజులవి. ఆ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నేటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. తెలంగాణలో తర్వాత వచ్చిన గ్రంథాలయోద్యమానికి అదే మొదటి మెట్టు.

ఆదివారం పది నిమిషాలు అలవాటైన వీధి తర్వాత చేపట్టాల్సినది, నా లెక్కలో, వేసవి జాబితా. ఫిబ్రవరి చివరికల్లా ఒంటరిగా ఉండే వృద్ధులు, బాలింతలు, ఎండలో పనిచేసేవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో రాసుకోవాలి. వాళ్లను అడిగి, వాళ్ల ఇష్టంతోనే రాయాలి. ఒక్కొక్కరికి ఇద్దరు పొరుగువాళ్లు బాధ్యులు. వడగాడ్పుల హెచ్చరిక వచ్చిన రోజున మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టి పలకరించాలి, ఫోను చాలదు. మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోగా నీడకు చేర్చి తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ గాలి తగిలేలా చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. మలుపులో చలివేంద్రం పెడితే కుండలు రోజూ కడిగి నీళ్లు మార్చే వంతు కూడా జాబితాలోనే రాయాలి. అద్దెవాళ్లు మారుతుంటారు, పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు తిరిగొస్తుంటారు కాబట్టి పాత కాగితాన్ని మళ్లీ వాడకుండా, ప్రతి ఏడాదీ ఇంటింటికీ తిరిగి కొత్తగా రాసుకోవాలి.